రోగుల బండి

ఆ ఏడు వినాయక నిమజ్జనం అయ్యీ కాకముందే సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ కూడా సమ్మెలో కలిసిన రోజు పొద్దున మా నాన్న నర్సయ్య వాకిట్లో నిలబడి, "తెలంగాణ ఇస్తమనేదాంక స్టీరింగు ముట్ట" అన్నాడు. ఆ మాట నాతో కాదు, పక్క పోర్షన్ గడపలో కూర్చుని బీడీ వెలిగిస్తున్న స్వామి కాకతో.

కాక నవ్వాడు. "నువ్వు ముట్టకపోతె నేను టికెట్లు ఎవలకు కొట్టాలె అన్నా?"

నాన్న డ్రైవరు, స్వామి కాక ఆ బస్సుకే కండక్టరు. బోరబండలో ఒకే వాకిలి ఉన్న రెండు పోర్షన్లలో కిరాయికి ఉండేవాళ్ళం. మా వైపు నేనూ నాన్నా ఇద్దరమే. అమ్మ నేను ఇంటర్ చదివేటప్పుడే పోయింది. అటువైపు కాక, మమత చిన్నమ్మ, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగి, ఒకే డబ్బాలోంచి తిని అన్నదమ్ములయ్యారు.

నేను మాదాపూర్‌లో ఫైనాన్స్ కంపెనీల సంఘం ఆఫీసులో పనిచేసేదాన్ని. అప్పులిచ్చే కంపెనీలు, చిట్టీలు నడిపేవాళ్ళు, షేర్ల వ్యాపారం చేసేవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఏటా చలికాలంలో సైబర్ టవర్స్ ముందు నుంచి ఒక పరుగు కార్యక్రమం పెట్టేవాళ్ళు. కంపెనీల ఉద్యోగులంతా ఒకే రంగు టీషర్టులు వేసుకుని పరిగెత్తేవాళ్ళు. అలా వచ్చిన విరాళాలతో అక్కడే ఒక సందులో బీదవాళ్ళ కోసం చిన్న డయాలసిస్ కేంద్రం నడిచేది. ఆ సేవా విభాగానికి కార్యదర్శి కామేశ్వరరావు గారు. బ్యాంకులో రిటైరై నిజాంపేటలో స్థిరపడ్డ భీమవరం మనిషి. జీతం లేని పని ఆయనది. జీతం ఉన్న పని నాది. రోగులకు ఫోన్లు చేసి పిలవడం, వచ్చాక వాళ్ళ వెంట ఉండడం.

బస్సులు ఆగిపోగానే రోగులు రావడం మానేశారు. ఆటోలు దొరకవు, దొరికినా ఆ కిరాయికి తాళలేరు. డయాలసిస్ రెండు తడవలు తప్పితే ఒంట్లో నీరు నిండి ఊపిరి అందదు. కామేశ్వరరావు గారు సంఘం వాళ్ళతో మాట్లాడి ఒక వ్యాను తెప్పించారు. పెద్ద గుండ్రటి పచ్చ స్టిక్కర్లు అచ్చు వేయించి, 'కిడ్నీ రోగుల వాహనం' అని ముందొకటి, వెనకొకటి అంటించారు. ఈశ్వరయ్య అనే డ్రైవరు. రోజూ పొద్దున నిజాంపేట నుంచి మొదలై, బోరబండ మీదుగా మాదాపూర్ చేరేది. కామేశ్వరరావు గారు కూడా ప్రతిసారీ అందులోనే వచ్చేవారు.

"మీరెందుకు సార్, నేనున్నా కదా" అంటే, "ఊరంతా రాళ్ళు పడుతుంటే నేను ఇంట్లో పేపరు చదువుకోనా అమ్మా?" అనేవారు.

బోరబండ రైలు స్టేషను దాటాక ఒక మలుపు ఉంది. సమ్మె వాళ్ళు అక్కడ టెంటు వేసి, రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. ఆ తాడు దగ్గర స్వామి కాక ఉండేవాడు. వ్యాను కనబడగానే తాడు పైకెత్తి, జేబులోని కండక్టరు విజిల్ ఊది, "రైట్, రైట్" అని పంపేవాడు. నాన్న టెంటులోంచి చెయ్యి ఊపేవాడు.

వ్యాన్లోనూ రాష్ట్రం గొడవ ఉండేది. బోరబండలో మేస్త్రీల దగ్గర కూలి చేసిన సత్తెమ్మా, నిజాంపేట సుబ్రహ్మణ్యం మాస్టారూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు.

"ఏమ్మా, మీ రాష్ట్రం మీకొచ్చాక నన్ను ఆ మిషను మీద పడుకోనిస్తారా, దించేస్తారా?" అనేవారు మాస్టారు.

"పండుకో సారు, ఎవలొద్దన్నరు. కిటికి పక్క మంచం మాత్రం నాదే" అనేది సత్తెమ్మ.

అలా బతుకమ్మ పండుగ దాకా గడిచింది.

ఒక రోజు నేను మాదాపూర్ సిగ్నల్ దగ్గర రోడ్డు దాటుతుంటే మా పచ్చ స్టిక్కరు ఉన్న వ్యాను కనబడింది. మాది కాదు. లోపల మెడలో కార్డులు, ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచులు పెట్టుకున్న పిల్లలు నిండుగా ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి నిద్రపోతోంది. బంద్ రోజుల్లో ఉద్యోగులను ఆఫీసుకు చేర్చడానికి మా సంఘంలోని ఒక కంపెనీ మా స్టిక్కర్లు తీసుకుని తన బండ్లన్నిటికీ అంటించిందని ఆ సాయంత్రానికి తెలిసింది.

కామేశ్వరరావు గారు నన్ను వెంటబెట్టుకుని ఆ కంపెనీకి వెళ్ళారు. ఆదర్శ్ అనే అధికారి మాట్లాడాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు.

"సర్, మాదీ ఎమర్జెన్సీనే కదండీ. పని ఆగితే క్లయింట్ వెళ్ళిపోతాడు."

"క్లయింటు వెళ్ళిపోతాడు బాబూ. మా వాళ్ళు చచ్చిపోతారు. ఒక్క బండి పట్టుబడితే మిగతా అన్నిటినీ ఆపుతారు. దయచేసి తీయించండి."

"పరుగుకి టెంట్లు, టీషర్టులు అన్నీ మేమే స్పాన్సర్ చేశాం సర్. ఈ మాత్రం సాయం అడగకూడదా?"

కామేశ్వరరావు గారు లేచారు.

ఆ వారమే ఆ కంపెనీ బండి ఒకటి పట్టుబడింది. కేంద్రం నుంచి టిఫిన్ కోసం బయటికొచ్చిన నేను నా కళ్ళతో చూశాను. గుంపు బండికి అడ్డం పడి, తలుపులు లాగి, ఉద్యోగులను కిందికి దించింది. ఆడపిల్లలను పక్కకు పొమ్మన్నారు. డ్రైవరును మాత్రం వదల్లేదు. కింద పడేసి చెప్పులతో, తర్వాత కర్రలతో కొట్టారు. "నాకు తెల్వదన్నా, ఆళ్ళే అతికిచ్చిన్రు" అని అతను అరుస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత బండిని పక్కకు దొర్లించి నిప్పు పెట్టారు. అద్దాలు ఠపఠపమని పగిలాయి. పోలీసులు వచ్చి బాష్పవాయువు వదిలారు. కళ్ళు మండి, గోడ పట్టుకుని నడుస్తూ నేను ఎవరి కాలో తొక్కాను. చూస్తే ఆ డ్రైవరే. దవడ పక్కకు జరిగిపోయి ఉంది. నేనూ టిఫిన్ బండి ఆమే కలిసి అతన్ని పక్క దుకాణం షట్టరు లోపలికి లాగాం.

ఇంటికి వచ్చి స్వామి కాకకు చెప్పాను.

"ఇగ ఆ స్టిక్కరు తీసెయ్యుండ్రి బిడ్డా. పోరగాండ్లకు గది కండ్లవడితె సాలు, పానం మీదికి తెస్తరు. నేనున్నప్పుడు ఫికర్ లేదు. నేను లేనప్పుడో?"

మరునాడు ఈశ్వరయ్య ముందు అద్దం మీది స్టిక్కరు గీకి తీసేశాడు. వెనకది సగమే ఊడింది. దాని బదులు తెల్ల గుడ్డ మీద రంగుతో 'కిడ్నీ పేషెంట్లు' అని రాసి కట్టుకున్నాం.

దసరా అయిన తర్వాత వారంలో రైల్ రోకో పిలుపు వచ్చింది. ఆ రోజు బండి వద్దనుకున్నాం. కానీ పండుగ వల్ల అప్పటికే ఒక తడవ తప్పింది. ముందురోజు ఫోన్ చేస్తే సత్తెమ్మ మాట పూర్తి చేయలేకపోయింది. ప్రతి రెండు ముక్కలకూ ఆగి గాలి పీల్చుకుంటోంది. కామేశ్వరరావు గారు, "తెల్లారగానే బయల్దేరదామమ్మా. పట్టాల మీదికి అందరూ చేరేలోపు దాటేద్దాం" అన్నారు.

అనుకున్నంత తొందరగా కాలేదు. నిజాంపేట నుంచే అడుగడుగునా ఆపారు. బోరబండలో నేనూ సత్తెమ్మా ఎక్కేసరికి ఎండ వచ్చేసింది. మలుపు దగ్గర స్వామి కాక లేడు, టెంటు వాళ్ళెవరూ లేరు. అందరూ స్టేషన్లో పట్టాల మీద ఉన్నారు. రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. వాటి వెనక మేమెప్పుడూ చూడని కుర్రవాళ్ళు కర్రలు పట్టుకుని ఉన్నారు.

ఈశ్వరయ్య బ్రేకు వేశాడు. కామేశ్వరరావు గారు దిగారు.

"బాబూ, లోపల పేషెంట్లున్నారండి. ఒక్కసారి చూడండి, మీకే తెలుస్తుంది."

"అండి" అనే మాట వినగానే ఒకడు ముందుకొచ్చాడు. "ఏ ఊరు నీది?"

"నిజాంపేటలో ఉంటాను బాబూ. ముందు వీళ్ళని..."

ఇంకొకడు బండి వెనక నుంచి కేకేశాడు. "అరే, గా పచ్చ స్టిక్కరు బండిరా ఇది. సగం పీకిన్రు దొంగలు."

మొదటి రాయి ముందు అద్దాన్ని పగలగొట్టి ఈశ్వరయ్య నుదుటికి తగిలింది. ఆ వెంటనే కామేశ్వరరావు గారిని కర్రతో చెవి మీద కొట్టారు. ఆయన మోకాళ్ళ మీద పడ్డారు, కళ్ళద్దాల కోసం కింద తడుముకున్నారు. ఆ తడుముతున్న చేతి మీద ఇంకో దెబ్బ పడింది. నేను తలుపు తీయబోతే ఒకడు బయటి నుంచి తన్ని మూసేశాడు. పక్క కిటికీలోంచి వచ్చిన రాయి సుబ్రహ్మణ్యం మాస్టారి నోటికి తగిలింది. అరచేయి నోటి కింద పెట్టుకుంటే అందులో పళ్ళు రాలాయి.

సత్తెమ్మ ఎలా లేచిందో తెలియదు. రవిక చేయి పైకి లాగి, సూదులు పొడిచి పొడిచి తాడులా ఉబ్బిన నరాన్ని పగిలిన కిటికీలోంచి బయటికి చాపింది.

"సూడుండ్రి రా. దీన్ని సూసి కొట్టుండ్రి."

చూసినవాడు ఆగాడు. చూడనివాడు ఇంకో రాయి వేశాడు.

అప్పుడు విజిల్ వినబడింది. స్టేషను వైపు నుంచి స్వామి కాక విజిల్ ఊదుతూ పరిగెత్తుకొస్తున్నాడు. వెనక నాన్న. నాన్న నేరుగా వచ్చి కామేశ్వరరావు గారి మీద బోర్లా పడ్డాడు. దిగబోతున్న కర్ర నాన్న వీపు మీద దిగింది. కాక ఆ కర్ర పట్టుకున్నవాణ్ణి చెంప మీద కొట్టాడు.

"కండ్లు దొబ్బినయా? లోపల మీ అమ్మ అసొంటి మనిషి ఊపిరాడక సస్తున్నది. గిందుకా మనం కొట్లాడేది?"

"పచ్చ స్టిక్కరన్నా..." అన్నాడు వాడు.

"నేను రోజు తాడెత్తి పంపేది గీ బండినే."

కర్రలు దిగిపోయాయి. కొందరు పారిపోయారు. మిగిలినవాళ్ళే కామేశ్వరరావు గారిని ఎత్తి వ్యాన్లో పడుకోబెట్టారు. ఆయన చెవిలోంచి రక్తం కారుతోంది. ఈశ్వరయ్యకు కళ్ళలోకి రక్తం దిగి దారి కనబడడం లేదు. సత్తెమ్మ పెదాలు నీలంగా మారుతున్నాయి.

"అన్నా, ఎక్కు" అన్నాడు కాక.

"ముట్టనన్న గదరా" అన్నాడు నాన్న.

"బస్సు ముట్టనన్నవు. ఇది బస్సు గాదు. ఎక్కు."

నాన్న సీటు మీది గాజుపెంకులు చొక్కా చేతితో తుడిచి ఎక్కాడు. కాక ఒక కుర్రవాడి చేతిలోని జెండా లాక్కుని, తెరిచిన తలుపు దగ్గర మెట్టు మీద నిలబడ్డాడు. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో జెండా. ఆ తర్వాత దారిలో ఎవరూ మమ్మల్ని ఆపలేదు. జెండా చూసి, కాక కేకలు విని, గుంపులు పక్కకు తప్పుకున్నాయి.

మాదాపూర్‌లోకి తిరిగే చోట పోలీసులు బారికేడ్లు పెట్టారు. వేరే చోటి నుంచి తెచ్చిన బలగం, హెల్మెట్లు, లాఠీలు. వాళ్ళకు కనబడింది ఏమిటో ఇప్పుడు నేను ఊహించుకోగలను. అద్దం పగిలిన బండి, లోపల నెత్తుటి మనుషులు, తలుపు పట్టుకుని జెండాతో వేలాడుతున్న ఒక ఉద్యమకారుడు. బండిని ఎత్తుకుపోతున్నాడనుకున్నారు.

బారికేడ్ల మధ్య సందులోంచి పోవడానికి నాన్న వేగం తగ్గించాడు. ఇద్దరు కాకను నడుము దగ్గర పట్టుకున్నారు. "పేషెంట్లు సార్, పేషెంట్లు" అంటున్నాడు కాక. మూడోవాడు కమ్మీ పట్టుకున్న వేళ్ళ మీద కొట్టాడు. ఒక దెబ్బకు వదల్లేదు. రెండో దెబ్బకు వదిలాడు. ఆయన కింద పడగానే నలుగురైదుగురు చుట్టూ చేరారు. మిగతావాళ్ళ లాఠీలు వ్యాను రేకుల మీద, మిగిలిన అద్దాల మీద పడుతున్నాయి. ఒకటి నాన్న మోచేతికి తగిలింది.

ఆ చప్పుళ్ళలోంచి కాక అరిచాడు. "ఆప..." అని వినబడింది, "...న్నా" అని వినబడింది. మధ్యలో అద్దం పగిలింది.

నాన్న కాలు ఒక్క క్షణం బ్రేకు మీదికి పోయింది. బండి ఊగింది. సత్తెమ్మ తల నా ఒళ్ళోకి వాలిపోయింది. అప్పుడు నాన్న వేగం పెంచాడు. వెనక అద్దంలోంచి నేను చూశాను. కాక మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చేతులతో తల కప్పుకున్నాడు. లాఠీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి, పడుతున్నాయి. బండి మలుపు తిరిగింది.

కేంద్రంలో సత్తెమ్మను మిషను మీదికి ఎక్కించారు. బతికింది. మాస్టారికి నోట్లో కుట్లు వేశారు. కామేశ్వరరావు గారికి ఆ చెవి మళ్ళీ వినబడలేదు. నాన్న వ్యాను తాళాలు ఈశ్వరయ్య చేతిలో పెట్టాడు. వచ్చిన దారినే పరిగెత్తాడు. నేనూ వెంట పరిగెత్తాను. బారికేడ్ల దగ్గర కాక లేడు. పోలీసులు నీడలో కూర్చుని అన్నం పొట్లాలు విప్పుకుంటున్నారు. అడిగితే ఒకతను, "ఏ స్వామి? ఇక్కడెవరూ లేరు, పోండి" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం కాక సర్కారు దవాఖానలో దొరికాడు. పేరు కూడా రాయకుండా ఒక మూల మంచం మీద వేశారు. వీపు తొడల దాకా నల్లగా వాచిపోయింది. ముక్కుకు గొట్టం ఉంది, తెలివి లేదు. మమత చిన్నమ్మ ఆయన చెవి దగ్గర పిల్లల పేర్లు చెబుతూ కూర్చుంది. పొద్దు వాలకముందే పోయాడు.

నడుస్తున్న బండి మీది నుంచి జారిపడి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. రోగుల వాహనాన్ని బలవంతంగా మళ్ళించాడని కూడా రాశారు. సంఘం పెద్దలు కామేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళి, ఉద్యమకారులు దాడి చేశారని ఫిర్యాదు ఇవ్వమన్నారు. ఆయన తలకు కట్టుతోనే పోలీసు స్టేషనుకు వెళ్ళారు. "నన్ను కొట్టింది కొందరు, కాపాడింది ఫలానా స్వామి, అతన్ని చంపింది మీ వాళ్ళు" అని చెప్పి వచ్చారు. ఆ తర్వాత కార్యదర్శి పదవి వదిలేశారు. రెండేళ్ళకు కాక చావు కేసు కొట్టేశారు. స్టిక్కర్లు అంటించిన కంపెనీని ఎవరూ ఏమీ అడగలేదు. చలికాలంలో పరుగు ఎప్పటిలాగే జరిగింది, టీషర్టుల రంగు మాత్రం మార్చారు. నేను ఉద్యోగం మానలేదు. మానితే సత్తెమ్మకు ఫోన్ చేసేవాళ్ళుండరు.

కాక పోయిన ఆ రోజుల్లోనే ఆర్టీసీ సమ్మె ఆపేశారు. నాన్న డ్యూటీకి వెళ్ళలేదు. వాకిట్లో నులక మంచం మీద కూర్చునేవాడు, లేదా పడుకునేవాడు. వీధిలో మాట పుట్టింది. ఆపమని స్వామి మొత్తుకుంటుంటే నర్సయ్య ఆపకుండా పోయిండట అని. చావుకు వచ్చిన చుట్టాలు కూడా ఆ మాట అన్నారు. నాన్న విన్నాడు. అన్నం ముట్టడం లేదు. నా బలవంతం మీద చాయ్ తాగేవాడు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన మరునాడు మమత చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పిల్లలు లోపల నిద్రపోతున్నారు. ఆమె అన్నం గంజి వంచుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"భవానీ, నువ్వు తలుపు కాడ్నే ఉన్నవు గద. మీ కాక ఏమని ఒర్లిండు?"

ఆ రోజుల్లో నేను రాత్రీ పగలూ దాన్నే వింటున్నాను. 'ఆపన్నా' అన్నాడా, 'ఆపకన్నా' అన్నాడా. మధ్యలో ఒక్క 'క' ఉందా, లేదా. ఎన్నిసార్లు విన్నా ఆ చోట అద్దం పగిలిన చప్పుడే ఉంది. దెబ్బలు పడుతున్న మనిషి ఆపమని అరవడంలో తప్పు లేదు. మా స్వామి కాక అయితే ఆపొద్దనీ అనగలడు. రెండూ ఆయన గొంతులోనే వినబడేవి.

"ఆపకన్నా అన్నడు చిన్నమ్మా" అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత కంచం తీసి, అన్నం పెట్టి, పప్పు పోసి, వాకిట్లోకి వెళ్ళింది. నేను గడపలో నిలబడ్డాను.

"తిను బావా."

నాన్న లేచి కూర్చున్నాడు. కంచం అందుకోలేదు.

"నాకు సరిగ్గ వినవడలే మమతా. ఆపమన్నడో, ఆపొద్దన్నడో. అంత సప్పుడు. ఆపమనే అన్నడేమో."

"భవాని విన్నది. ఆపకన్నా అన్నడంట."

నాన్న నా వైపు చూశాడు. కళ్ళు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"అవు నాయినా. నేను విన్న."

ఆయన చెయ్యి చాపాడు. వాచిన మోచేయి కంచం పట్టుకోనివ్వలేదు. మమత చిన్నమ్మ కింద కూర్చుని కంచం తన చేతిలోనే పట్టుకుంది. నాన్న అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఏడుస్తూనే నమిలాడు. ఆమె ఏడవలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా కదలకుండా పట్టుకుని, లేచి నాతో అంది.

"రేపటిసంది మీ పొయ్యి ముట్టియ్యకు బిడ్డా. ఇద్దరిండ్లకు నేనే వండుత."